హీరోయిన్ చేతులు

సరిత చేతులకు సినిమాలో వేషం దొరికిందన్న కబురు రెండు రోజుల్లో సాతంరాయి దాకా పాకింది. ఆ చేతులు ఎంత పీకుతున్నాయో మాత్రం పక్కనే పడుకునే రవీందర్‌కు కూడా తెలియదు. కబుర్లకు వేషాలు కావాలి గాని నొప్పులెందుకు.

సినిమా వాళ్లు శంషాబాద్ చుట్టూ ఇల్లు వెతుకుతూ ముందుగా వచ్చింది రవీందర్ దగ్గరికే. ఒకప్పుడు అక్కడ వాళ్లకు వాన మీద జొన్న, కంది పండే చెలక ఉండేది. చెలక ప్లాట్లయింది, ప్లాట్లు కాలనీ అయ్యాయి, భూమి ఇచ్చినందుకు బిల్డరు అందులోనే ఒక డూప్లెక్స్ కట్టి చేతిలో పెట్టాడు. నలభై ఇళ్లు, అన్నీ ఒకే అచ్చు, ఒకే గోధుమ రంగు. నెత్తి మీంచి ప్రతి పది నిమిషాలకూ చక్రాలు దించుకుంటూ ఒక విమానం. ఆ కాలనీ అసోసియేషన్‌కు రవీందర్ ప్రెసిడెంటు. డైరెక్టర్ ఫణీంద్ర ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచి చూసి, "ఏ ఇంటికి ఏ ఇల్లూ తేడా లేదండీ, మాకు కావలసింది ఇదే" అన్నాడు. అది పొగడ్త అనుకుని రవీందర్ తన ఇంటినే పన్నెండు రోజులకు కిరాయికి ఇచ్చేశాడు. ఇంటి మనుషులు పై రెండు గదుల్లో సర్దుకోవాలి. వంటిల్లు సినిమాది.

ఈ మాట ఆయన సరితకు చెప్పింది సంతకాలు అయిపోయాక.

తీస్తున్నది కొత్త కథేమీ కాదు. దాదాపు ఇరవై ఏళ్ల కింద వచ్చిన సినిమానే మళ్లీ తీస్తున్నారు. అప్పట్లో అది భయపెట్టే సినిమా. ఊరి బయట ఒక కొత్త కాలనీ, అందులో అందరూ మర్యాదస్తులైన మగవాళ్లు. ఏ ఇంటి ఆడమనిషైనా తలనొప్పి అంటే చాలు, కాలనీ డాక్టర్ వచ్చి ఒక సూది వేస్తాడు. మరునాటి నుంచి ఆమె నోట 'నాతో కాదు' అన్న మాట రాదు. ఎంత పని చెప్పినా నవ్వుతూ చేస్తుంది. కాలనీకి కొత్తగా వచ్చిన హీరోయిన్ ఇంటింటా ఆ నవ్వు చూసి బెదిరిపోతుంది. ఒకరోజు ఆమెకూ తలనొప్పి వస్తుంది. అక్కడితో సినిమా అయిపోతుంది. సరిత పెళ్లయిన కొత్తలో శంషాబాద్ టాకీసులో అది చూసింది. ఆట వదిలాక ఆడవాళ్లంతా ఒక్క మాట లేకుండా బయటికి వచ్చారని ఆమెకు ఇప్పటికీ గుర్తు. రవీందర్ మాత్రం బండి తీస్తూ, "గా సూది యాడ దొరుకుతదో కనుక్కోవాలె" అన్నాడు. కొత్త పెళ్లికూతురు గనుక సరిత నవ్వింది.

ఇప్పుడు అదే కథను కామెడీగా తీస్తున్నారు. భయపడాల్సినవన్నీ అలవాటయ్యాక ఇక మిగిలేది నవ్వడమే కదా.

మొదటి రోజే చిక్కొచ్చి పడింది. కొత్త కథలో డాక్టర్ సూది మోతాదు తప్పుతుంది. దాంతో హీరోయిన్ నవ్వుతూ జొన్నరొట్టెలు కొట్టడం మొదలుపెడుతుంది, ఇక ఆగదు. వంటిల్లు నిండి, వాకిలి నిండి, కాలనీ మొత్తం రొట్టెల మయమవుతుంది. మొగుళ్లు బకెట్లలో, బస్తాల్లో మోయలేక చస్తుంటారు. కాగితం మీద చదివినప్పుడు యూనిట్ అంతా పొట్టలు పట్టుకుని నవ్వారట. కాకపోతే హీరోయిన్ బొంబాయి పిల్ల. జొన్నపిండి ఎప్పుడూ ముట్టింది కాదు. జొన్నరొట్టె అంటే కర్రతో ఒత్తే చపాతీ కాదు. వేడినీళ్లతో పిండి పిసికి, ముద్దను పీట మీద పెట్టి, అరచేత్తో తిప్పుతూ కొడుతూ పోతే అది పెరిగి పెరిగి పళ్లెమంత అవుతుంది. ఒక దెబ్బ గట్టిగా పడితే చిరుగుతుంది. ఒక్క క్షణం ఆగితే అంచులు పగులుతాయి. ఆ పిల్ల పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తిప్పలు పడ్డా ఒక్కటీ గుండ్రంగా రాలేదు. మెట్ల మీద కూర్చుని చూస్తున్న సరిత అత్త చంద్రమ్మకు ఓపిక చచ్చిపోయింది.

"పిండంత పాడుజేస్తున్నరు. ఆ పోరిని లెవ్వమనుండ్రి. మా కోడలు కొడతది" అంది.

అట్లా సరిత హీరోయిన్‌కు చేతులయింది. ముఖం ఆ పిల్లది, మణికట్టు కింద నుంచి ఈమెది. సినిమా వాళ్లు దాన్ని డూప్ అంటారు. హీరోయిన్ గోళ్లకు ఎర్ర రంగు ఉంది కాబట్టి సరిత గోళ్లకూ ఎర్ర రంగు వేశారు. హీరోయిన్ వేసుకున్న గాజులే ఈమెకూ తొడిగారు. అన్నీ చూసుకున్నారు గాని సరిత ఎడమ మణికట్టు మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉన్న సంగతి ఎవరికీ పట్టలేదు. సగం రోజు రొట్టెలు తీసేశాక అసిస్టెంట్ డైరెక్టర్ శిరీష చూసి నెత్తి కొట్టుకుంది. ఒక షాట్‌లో ఏముందో తర్వాతి షాట్‌లోనూ అచ్చం అదే ఉండాలి, ఆ లెక్క చూసేది శిరీషే. తీసింది చెరపలేరు గనుక ఆ రోజు నుంచి పొద్దున్నే మేకప్ మనిషి హీరోయిన్ మణికట్టు మీద మూడు ఆకుపచ్చ చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. పదేళ్ల వయసులో సంతలో ఏడ్చి ఏడ్చి పొడిపించుకున్న పచ్చబొట్టు సరితది. దాన్ని ఆ పిల్ల సాయంత్రం కాగానే దూదితో తుడిచేసుకుని పోయేది.

"ఇగ మీరు మారొద్దక్కా" అంది శిరీష. ఇరవై నాలుగేళ్ల పిల్ల, ఎప్పుడు చూసినా చేతిలో పుస్తకం, చెవి మీద పెన్ను. "ఇగ మొత్తం సినిమాకు ఇవే చేతులు. జర భద్రం."

భద్రంగా చూసుకోవడానికి సరితకు వేరే కారణం ఉంది.

షూటింగ్ ముగిశాక వచ్చే సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆమె ఉద్యోగంలో చేరాలి. ఎయిర్‌పోర్టు పక్కన విమానాల్లో పెట్టే తిండి తయారుచేసే పెద్ద వంటశాల ఉంది. పక్క వీధి సంతోషి మూడేళ్లుగా అందులో పనిచేస్తోంది. ఆమే దరఖాస్తు రాయించి, ఆమే వెంటబెట్టుకుని తీసుకుపోయింది. అక్కడి సూపర్‌వైజరమ్మ సరితను చదువేంటని ఒక్క మాట అడిగి, రెండు చేతులూ చాపమని, అరచేతులు ఒకసారి, వాటి వెనక ఒకసారి చూసింది. "గాజులొద్దు, గోళ్ల రంగొద్దు. కాలిన పుండు, కోసుకున్న గాటు ఉంటే గేటు కాడికెల్లే పంపిస్తం. సోమవారం తొమ్మిదికి రాకుంటే వేరేటోళ్లను తీసుకుంటం" అని చెప్పింది. పెళ్లిచూపుల్లో కూడా సరితను అంత శ్రద్ధగా చూసినవాళ్లు లేరు.

రవీందర్‌కు ఈ సంగతి రెండుసార్లు చెప్పింది. మొదటిసారి ఆయన ఫోన్‌లో ఎవరికో మహేశ్వరం వైపు ప్లాటు చూపిస్తానని చెబుతూ, ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు. రెండోసారి విన్నాడు.

"ఇంట్ల వండుడు చాలదని ఆడికి పోయి వండుతవా?" అన్నాడు.

"ఆడ వండుడు కాదు, పళ్లాలల్ల సర్దుడు. తొమ్మిదికి ఎక్కితే ఆరుకు దిగుడే. ఆరు కొట్టినంక ఎవ్వరు అడిగినా చెయ్యక్కర్లేదు."

"నౌకరెందుకే, మనకేం తక్కువైందని" అని, "షూటింగ్ అయినంక మాట్లాడుదాం తియ్" అంటూ లేచిపోయాడు.

సరితకు తక్కువైంది ఏదో లేకపోలేదు. పంతొమ్మిదేళ్లలో ఆమె చేసిన ఏ పనికీ 'ఇక అయిపోయింది' అనే ఘడియ లేదు. పొద్దుటి అంట్లు తోమితే మధ్యాహ్నానివి, మధ్యాహ్నానివి తోమితే రాత్రివి. పొలం ఉన్నప్పుడైనా పొద్దుగూకితే కూలీలు ఇంటికి పోయేవాళ్లు. ఈ డూప్లెక్స్‌లోకి వచ్చాక పొద్దు కూడా గూకడం మానేసింది, అన్ని గదుల్లోనూ లైట్లే. ఆమెకు డబ్బు మీద ఆశ కాదు, ఆ ఆరు గంటల మోత మీద ఆశ. అది వింటూ చేతులు కడుక్కోవాలని ఉంది. ఆ కోరిక ఎంత చిన్నదో ఆమెకూ తెలుసు. అందుకే ఎవరితోనూ వివరంగా చెప్పుకోలేకపోయింది.

షూటింగ్ రోజులు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. రోజుకు వంద రొట్టెలు, ఒక్కోరోజు ఇంకా ఎక్కువ. పైన కెమెరా, పక్కన లైటు, కింద పొయ్యి సెగ. రొట్టె తిప్పేటప్పుడు పెనం తగలకుండా ప్రాణం చేతివేళ్లలో పెట్టుకుని చేసేది. ఇంతా చేస్తే ఆ రొట్టెల్లో ఒక్కటి తినడానికి పనికొచ్చేది కాదు. మెరవాలని వాటికి ఏదో నూనె పూసేవాళ్లు, ఎండబెట్టేవాళ్లు, నంబర్లు వేసి దొంతర్లు పెట్టేవాళ్లు. సాయంత్రం పేకప్ అన్నాక సరిత పై గదిలో చిన్న స్టవ్వు ముందు కూర్చుని ఇంట్లోవాళ్ల కోసం మళ్లీ పిండి పిసికేది. కింద వెయ్యి రొట్టెలు, పైన నాలుగు రొట్టెలు. ఒకరోజు ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి చంద్రమ్మ, "ఏందే, సూది గిట్ల వేసిండ్రా" అని అడిగింది.

"లేదత్తా. నాకు సూది అక్కర్లేదు" అంది సరిత.

ముసలామె కోడలి మొహం కాసేపు చూసి, ఉల్లిగడ్డ పొట్టు తీయడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం భోజనాల విరామంలో సరిత శిరీషను పట్టుకుని అడిగింది. "మన సినిమాల ఆఖరికి ఏమైతది పిల్లా?"

"మందు దిగిపోతదక్కా. రొట్టె కొడుతుంటెనే ఒక్కసారి చేతులు ఆగుతయ్. అదే మీ ఆఖరి షాటు. అవి చూసి మొగోళ్లు సిగ్గుపడి తలా ఒక రొట్టె తింటరు. అందరు నవ్వుతరు. అయిపోయింది."

"చేతులు ఆగినంక ఆమె ఏం చేస్తది మరి?"

శిరీష పుస్తకం తిప్పి చూసింది. ఇటు రెండు పేజీలు, అటు రెండు పేజీలు.

"అది రాయలేదక్కా" అంది.

శనివారంతో అన్నీ అయిపోవాలి. గుమ్మడికాయ కూడా తెచ్చి గేటు దగ్గర పెట్టారు. షూటింగ్ పూర్తయిన రోజు గుమ్మడికాయ కొట్టడం సినిమావాళ్ల ఆనవాయితీ. అది పగిలితేనే సినిమా అయినట్టు. సరిత వెళ్తూ వస్తూ దాన్ని చూసుకునేది, పండుగ తేదీ చూసుకున్నట్టు. శనివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. కరెంటు పోయింది, లైట్లు తడిశాయి, జనరేటర్ మొరాయించింది. ఆదివారం హీరోయిన్ బొంబాయి వెళ్లిపోవాలి. వాన రాకముందే ఆమె ముఖం తీయాల్సినవన్నీ తీసేశారు. మిగిలింది ఒక్క షాటు. చేతులు ఆగే షాటు.

ఫణీంద్ర తల పట్టుకుని కూర్చుంటే రవీందర్ పక్కన కుర్చీ లాక్కున్నాడు. సరిత మెట్ల మీద బట్టలు ఆరేస్తూ వింటోంది.

"రేపంతా జనరేటర్ బాగుచేయడానికే పోతుంది. సోమవారం పొద్దున్న పెట్టుకోవచ్చాండీ? సరితగారికేమీ ఇబ్బంది లేదు కదా?" అన్నాడు ఫణీంద్ర.

"ఏం ఇబ్బంది సార్. ఆమె యాడికి పోతది, ఇంట్లనే ఉంటది" అన్నాడు రవీందర్.

ఆ మాటలో కోపం లేదు, వెటకారం కూడా లేదు. ఇంటి గోడ ఎక్కడికి పోతుంది అన్నంత మామూలుగా అన్నాడు. అదే సరితకు ఎక్కువ తగిలింది. చేతిలోని తడి చీరను మెట్ల కమ్మీ మీద పడేసింది. ఏడుపు రాలేదు. వస్తే కొంత బరువు దిగేది.

కిందికి దిగి ఫణీంద్ర ముందు నిలబడింది. "సార్, నాకు సోమవారం ఎనిమిదింటికి బస్సున్నది. కొత్తగ నౌకరిల చేరాలె" అంది.

రవీందర్ నవ్వేశాడు. "షూటింగ్ అయినంక మాట్లాడుదామన్న గదా" అని డైరెక్టర్ వైపు తిరిగి, "నేను చెప్పుకుంట సార్, మీరు పరేషాన్ కాకుండ్రి" అన్నాడు.

ఫణీంద్ర మంచివాడే. మొహమాటంగా లేచి నిలబడ్డాడు. "సరితగారూ, పొద్దున ఆరింటికే మొదలుపెడతాం. ఒక్క షాటండీ. ఏడింటికల్లా మిమ్మల్ని వదిలేస్తాను" అన్నాడు. సినిమావాళ్ల ఏడు ఎప్పుడు మోగుతుందో పదకొండు రోజులుగా చూసిన సరిత తలూపింది. అంతకన్నా చేయగలిగింది లేదు.

సోమవారం ఐదింటికే లేచి స్నానం చేసి, ఇస్త్రీ చీర సంచిలో పెట్టి, దరఖాస్తు కాగితాలు పెట్టి, సంచిని గేటు లోపల మేకుకు తగిలించింది. దాని కింద గుమ్మడికాయ. షాటు కోసం పాత చీరే కట్టుకుని, గాజులు తొడుక్కుని పీట ముందు కూర్చుంది. కాలనీ మగవాళ్లు పేపరు చదవడం మానేసి వచ్చి, బయట టీవీ లాంటి తెర ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో సర్దుకున్నారు. ఆఖరి రోజని ప్రొడ్యూసర్ కూడా వచ్చాడు. చంద్రమ్మ తన మెట్టు మీద తాను ఉంది.

"ఏం లేదండీ" అన్నాడు ఫణీంద్ర. "మీరు మామూలుగా కొడుతూ ఉంటారు. సగం రొట్టె అయ్యాక చేతులు ఆగిపోతాయి. అంతే. ఆపాలి."

ఆపడం ఏముంది అనుకుంది సరిత. యాక్షన్ అన్నారు. ముద్ద పెట్టి కొట్టింది. రొట్టె సగానికి వచ్చింది, ఇప్పుడు ఆపాలి అనుకుంది, చేతులు ఇంకో నాలుగు దెబ్బలు వేసి, రొట్టె పూర్తి చేసి, పెనం మీద వేసి, నీళ్లతో తడిపి, అప్పుడు ఆగాయి. బయట కుర్చీల్లో నవ్వులు.

"పర్లేదండీ. ఇంకొకటి."

రెండోసారీ అంతే. మూడోసారి గట్టిగా పళ్లు బిగబట్టి మధ్యలో ఆపింది. అంచు పగులుతుండడం కళ్ల ముందు కనిపించింది. చూసి ఊరుకోలేక రెండు వేళ్లతో అంచు నొక్కి, మళ్లీ కొట్టేసింది. పన్నెండేళ్ల వయసులో తల్లి చెప్పిన మాట అది. పీట మీద పెట్టిన ముద్దను రొట్టె చేయకుండా లేవకూడదు, ఆపితే పిండి దండుగ. పదిహేడేళ్లకు వచ్చిన ఇంట్లో చంద్రమ్మ చెప్పిందీ అదే. ఇన్నేళ్లలో రొట్టె సగంలో ఉండగా ఆకాశం ఉరిమినా, జ్వరంతో ఒళ్లు కాగినా ఆమె చేతులు ఆగలేదు. ఇప్పుడు కెమెరా ముందు ఆగమంటే వాటికి ఎట్లా తెలుస్తుంది. మనసు చాలు అంటోంది, చేతులు దాని మాట వినడం మానేసి ఎన్నేళ్లయిందో.

ఐదో టేకు, ఆరో టేకు. ఏడయింది. ఏడుంపావు. పెనం ఎర్రగా కాలి ఉంది. తొమ్మిదో టేకులో తొందరపడి తిప్పబోతే చిటికెన వేలికి సెగ తగిలింది. చటుక్కున లాక్కుని, నీళ్లలో ముంచి, వెలుతురుకు పెట్టి చూసుకుంది. కాస్త ఎర్రబడింది, బొబ్బ లేదు. అప్పుడు మొదటిసారి ఆమెకు భయం వేసింది. ఈ సినిమాలో లేని భయం, పెళ్లయిన కొత్తలో టాకీసులో వేసిన భయం. ఈ పీట ముందు నుంచి తాను లేవలేదేమో, ఎవరూ సూది వేయకుండానే.

"ఏం టైమయింది శిరీషా?"

"ఏడున్నర అక్కా" అంది శిరీష మెల్లగా.

"ఒక్క టేకు. ఈసారి అయిపోతుందండీ" అన్నాడు ఫణీంద్ర. ఆ మాట చెప్పడం అతనికీ ఇష్టంగా లేదు.

పదో టేకుకు ముద్ద పెట్టింది. చేతులు కదిలాయి. టప టప మని అదే చప్పుడు, తిరుగుతున్న రొట్టె, గలగలమంటున్న పరాయి గాజులు. సగానికి వచ్చింది. సరిత ఆపాలని అనుకోవడం కూడా మానేసింది. ఇక అవి ఎప్పుడాగితే అప్పుడే అనుకుంది.

బయటి నుంచి రవీందర్ గొంతు వినిపించింది. టేకు నడుస్తున్నదన్న ధ్యాస ఆయనకు లేదు.

"సరితా, ప్రొడ్యూసర్ సార్ వచ్చిండు. జర చాయ్ పెట్టు."

చేతులు ఆగాయి.

పంజా విప్పినట్టు ఉన్న కుడిచెయ్యి రొట్టెకు బెత్తెడు పైన అట్లాగే నిలిచిపోయింది. ఎడమచెయ్యి అంచు మీద నుంచి జారి పీట పక్కన పడింది. రొట్టె అంచు ఒకచోట పగిలింది, తర్వాత ఇంకొకచోట. సరిత దాన్ని చూస్తూనే ఉంది. నొక్కాలనిపించలేదు. పగలనీ, అనుకుంది. పెనం మీద నుంచి పొగ లేస్తోంది.

"పెనం మాడుతున్నది" అంది చంద్రమ్మ మెట్టు మీంచి. కోడలికి కాదు, ఎవరికో చెప్పినట్టు చెప్పింది.

"కట్" అన్నాడు ఫణీంద్ర. "ఓకే. అయిపోయిందండీ. ఇదే కావాలి."

కుర్చీల్లో చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది రవీందరే. "చూసిండ్రా సార్, నేను పిలిస్తెనే వచ్చింది యాక్షన్" అన్నాడు.

సరిత లేచింది. గాజులు ఒక్కొక్కటే తీసి పీట మీద పెట్టింది. కుళాయి కింద మోచేతుల దాకా కడుక్కుంది. పాత చీర కొంగుతోనే తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"చాయ్?" అన్నాడు రవీందర్.

"నాతోని కాదు. బస్సుకు టైమయింది" అంది సరిత.

కుర్చీల్లో వాళ్లు మళ్లీ నవ్వారు. సినిమాలో ఆడవాళ్ల నోట పోయిన మాట అదే కదా, దాన్ని తిరిగి అప్పజెప్పిందనుకున్నారు. భలే డైలాగ్ అన్నాడొకాయన. రవీందర్ కూడా నవ్వుతూనే ఉన్నాడు, ఆమె మేకు మీంచి సంచి తీసుకుని, గుమ్మడికాయను పక్కకు తప్పుకుని, గేటు తీసేదాకా. శిరీష ఒక్కతి నవ్వలేదు. చెవి మీది పెన్ను తీసి పుస్తకంలో ఏదో రాసుకుంది.

బస్సు కదలబోతుంటే ఎక్కింది. చీర మార్చుకునే వేళ లేదు. సంతోషి చోటిచ్చి, ఆమె గోళ్లు చూసి, "అయ్యో, గిదేందక్కా" అంటూ తన సంచిలోంచి రంగు తీసే సీసా, దూది తీసింది. హైవే గతుకుల్లో ఒక్కొక్క వేలూ పట్టుకుని తుడుస్తూ కూర్చుంది. ఎర్ర రంగు పోయాక గోళ్ల అంచుల్లో జొన్నపిండి మిగిలింది. అది గుండుసూదితో తీయాల్సి వచ్చింది. సరిత చేతులు ఆమె ఒళ్లో పెట్టి కిటికీకి తల ఆనించింది. ఇంత అలసట తనలో ఎక్కడ దాచుకుందో ఆమెకే అర్థం కాలేదు.

గేటు దగ్గర ఎనిమిది మంది వరసలో ఉన్నారు. సూపర్‌వైజరమ్మ అరచేతులు, వాటి వెనక చూసి, చిటికెన వేలు దగ్గర ఆగింది. వంచి చూసింది, నొక్కి చూసింది.

"కాలిందా?"

"సెగ తగిలిందమ్మా. బొబ్బ లేదు."

"పచ్చబొట్టు?"

"అది పోదు."

"పోకుంటే ఏం గాదు. ఫోన్ ఆ ట్రేలో పెట్టి లోపటికి పో" అంది.

ఫోన్ పెట్టబోతుంటే మోగింది. రవీందర్. వెనక ఉన్నామె చిరాకు పడకముందే ఎత్తింది.

"గా చాయ్‌పత్తి డబ్బ యాడ పెట్టినవ్? ప్రొడ్యూసర్ సార్ ఇంక కూసునే ఉన్నడు. వంటింట్ల ఏది యాడున్నదో తెలుస్తలేదు."

"నాకు ఎర్క లేదు" అంది సరిత. నిజమే చెప్పింది. పన్నెండు రోజులుగా ఆ వంటింట్లో డబ్బాలన్నీ సినిమావాళ్లే జరిపారు. "సర్దింది సినిమోళ్లే గదా. వాళ్లనే అడుగు."

ఒక విమానం దిగుతున్న చప్పుడు ముందు ఫోన్‌లో వినిపించి, తర్వాత నెత్తి మీదికి వచ్చింది.

"మరి ఎప్పుడొస్తవ్?" అన్నాడు రవీందర్.

పంతొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న ఆయన నోట వినడం సరితకు అదే మొదలు.

"ఆరు కొట్టినంక" అని ఫోన్ ట్రేలో పెట్టింది.